గ్రీకు ఇంటి వంట: కూర నీళ్ళనీళ్ళుగా ఎందుకొస్తుంది, సూపు ఎందుకు విరుగుతుంది

ముందు మీరు అడిగింది రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఇంట్లో నలుగురు. అందులో ఇద్దరు గుడ్డు తింటారు గానీ మాంసం ముట్టరు. మధ్యధరా తిండి ఆరోగ్యానికి మంచిదని విని ఆలివ్ నూనె, ఫెటా చీజ్ కొన్నారు. బీన్స్ కూర చేస్తే నీళ్ళనీళ్ళుగా, చప్పగా, పచ్చి నూనె వాసనతో వచ్చింది. బియ్యం కూరిన టమాటాల్లో మెతుకు పలుకుగానే మిగిలింది. నిమ్మకాయ-గుడ్డు సూపు విరిగిపోయింది. వంటకంలో 120 మిల్లీలీటర్ల నూనె అని ఉంటే భయపడి రెండు పెద్ద చెంచాలతో సరిపెట్టారు. ఇంత నూనె పోస్తే ఇక ఆరోగ్యం ఎక్కడిదని మీ సందేహం.

సూపు, టమాటాల సంగతి వేరు, వాటి దగ్గర చెప్తాను. బీన్స్ కూర చెడిపోవడానికి చాలావరకు ఆ రెండు చెంచాలే కారణం.

గ్రీకు ఇళ్ళలో రోజూ వండేవి హోటల్ మెనూల్లో కనిపించే సువ్లాకీ (పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం), ముసకా (వంకాయ, ఖీమా పొరల వంటకం) కావు. పైన తెల్లటి బెషమెల్ సాస్ దట్టంగా పరిచే ముసకా అయితే 1920ల ప్రాంతంలో నికొలావోస్ త్సెలెమెంతేస్ అనే వంటగాడు ఫ్రెంచి పద్ధతి తెచ్చి కలిపాక స్థిరపడింది. ఇంటి వంటకి వెన్నెముక ‘లాదెరా’. లాది అంటే నూనె, లాదెరా అంటే నూనెలో మగ్గినవి. బీన్స్, బెండకాయ, వంకాయ, పచ్చిబఠాణీ, గుమ్మడి జాతి లేత కాయలు, ఏది దొరికితే దాన్ని ఉల్లిపాయ, టమాటా, ఆలివ్ నూనెతో సన్న సెగ మీద మెత్తగా మగ్గిస్తారు. ఈ పద్ధతికి వాళ్ళు వాడే మరో పేరు ‘యఖ్నీ’. హైదరాబాద్ వాళ్ళకి మాంసం ఉడికించిన రసంగా తెలిసిన మాటే ఇది. పారసీ నుంచి తుర్కీ మీదుగా అక్కడికి వెళ్ళి కూరగాయల వంటకి పేరైంది.

వంట అయిందని ఎలా తెలుసుకోవాలంటే గ్రీకు గృహిణి చెప్పేది ఒకటే: కూర ‘తన నూనెతో మిగలాలి’. నీరంతా పోవాలి, నూనే మిగలాలి. మనం ‘నూనె పైకి తేలేదాకా’ అంటామే, అదే. రెండు చెంచాల నూనె వేస్తే తేలడానికి ఏమీ ఉండదు. ఎప్పుడు దించాలో తెలియక నీళ్ళుండగానే దించేస్తాం, లేదా అడుగంటిస్తాం.

నూనె లెక్క

పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల నూనెలో దాదాపు 120 కేలరీలు. 120 మిల్లీలీటర్లంటే 960, నలుగురికి పంచితే తలా 240. మన లెక్కలో అది కూర గానీ వాళ్ళ లెక్కలో అదే భోజనం. పక్కన రొట్టె ముక్క, చిన్న ఫెటా ముక్క, అంతే. అన్నం కుప్పగా పెట్టుకుని, పప్పు, నెయ్యి, వేపుడు అన్నీ అలాగే ఉంచి వాటి పక్కన ఈ కూర పెడితే ఆరోగ్యం కాదు, అదనపు బరువే. 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనంలో క్రీట్ ద్వీపం రైతులు తీసుకున్న శక్తిలో దాదాపు 40 శాతం కొవ్వు నుంచే వచ్చేది, అందులో ఎక్కువ భాగం ఆలివ్ నూనె. గుండె జబ్బులు మాత్రం వాళ్ళలో చాలా తక్కువ. అయితే వాళ్ళు రోజంతా కొండ పొలాల్లో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు, మాంసం ఎప్పుడో గానీ తినేవాళ్ళు కాదు. నూనె ఒక్కటీ అరువు తెచ్చుకుని మిగతాది వదిలేస్తే ఆ ఫలితం రాదు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే పనైతే 120కి బదులు 90 మిల్లీలీటర్లు వేసుకోండి, వంట చెడదు. అంతకంటే తగ్గిస్తే అది ఉడకబెట్టిన కూరగాయే.

కొనేటప్పుడు సీసా మీద ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అని ఉండాలి. ‘పోమస్’ అంటే నూనె తీసేశాక మిగిలిన పిప్పి నుంచి రసాయనంతో లాగి శుద్ధి చేసినది. మన దుకాణాల్లో ‘భారతీయ వంటకి’ అని రాసి అమ్మేది ఎక్కువగా ఇదే. ఈ వంటకి అది దండగ. ‘లైట్’ అంటే కేలరీలు తక్కువని కాదు, రుచీ వాసనా తీసేశారని. గ్రీసులో నూనెకి ఎక్కువగా పండించే రకం కొరొనేయికి. కాయ చిన్నది, నూనె కాస్త ఘాటు. తాజా నూనె గొంతులో కొద్దిగా మండాలి, అది చెడిపోయిన గుర్తు కాదు. మైనం వాసన, పాత వేరుశనగ వాసన వస్తేనే చెడినట్టు. ముదురు రంగు సీసా గానీ రేకు డబ్బా గానీ తీసుకుని, పొయ్యి పక్కన కాకుండా చీకటి అరలో పెట్టి, మూత తీశాక మూడు నెలల్లో వాడెయ్యండి.

‘ఆలివ్ నూనె వేడి చేస్తే విషం’ అనే మాట నమ్మి చివర్లో పచ్చిగా పోస్తున్నట్టున్నారు. ఎక్స్‌ట్రా వర్జిన్ పొగలు కక్కేది సుమారు 190 నుంచి 210 డిగ్రీల దగ్గర. కూరలో నీరున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు. నిశ్చింతగా వండండి. మూడింట రెండు వంతులు మొదట్లో, మిగతాది చివర్లో పోస్తే మగ్గిన రుచీ ఉంటుంది, పచ్చి నూనె పరిమళమూ ఉంటుంది.

ఫసోలాకియా, అంటే బీన్స్

నలుగురికి లేత బీన్స్ 750 గ్రాములు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెండు రెబ్బలు, బాగా పండిన టమాటాలు 400 గ్రాములు, బంగాళాదుంపలు రెండు, నూనె 120 మిల్లీలీటర్లు, ఉప్పు ఒకటిన్నర టీస్పూన్లు, మిరియాల పొడి, గుప్పెడు పార్స్‌లీ. కొత్తిమీర వద్దు, దాంతో వాసనే మారిపోతుంది. పార్స్‌లీ దొరక్కపోతే సోయకూర కొంచెం వేయండి, అదీ లేకపోతే ఏ ఆకూ వేయకండి. ఆవాలు, జీలకర్ర, పసుపు, అల్లం జోలికి పోకండి. చప్పగా ఉందని వాటిని వేశారంటే జబ్బు ఒకటైతే మందు ఇంకోటి వేసినట్టు. చప్పదనం పోవాలంటే ఉప్పు సరిపోవాలి, నీరు పోవాలి.

టమాటాని సగానికి కోసి, కోసిన వైపు కోరుకి ఆనించి కోరండి. గుజ్జంతా గిన్నెలో పడి తొక్క అరచేతిలో మిగిలిపోతుంది. మిక్సీలో వేస్తే గాలి పట్టి గుజ్జు గులాబీ రంగుకి తిరుగుతుంది. మన బజారు హైబ్రిడ్ టమాటాలో కండ ఎక్కువ, రుచి తక్కువ. రెండు రోజులు బయట పెట్టి బాగా ఎర్రబడనిచ్చి, ఒక పెద్ద చెంచా టమాటా పేస్టు తోడు చేయండి. నాటు టమాటా అయితే పేస్టు అక్కర్లేదు గానీ పులుపుకి చిటికెడు పంచదార వేయాలి.

గిన్నె వెడల్పుగా, అడుగు మందంగా ఉండాలి. 26 నుంచి 28 సెంటీమీటర్లు బాగుంటుంది. లోతు గిన్నెలో నీరు ఆవిరి కాదు, కుక్కర్లో అసలే కాదు. తొందరలో కుక్కరే వాడాల్సి వస్తే ఒక్క విజిల్ రానిచ్చి, ఆవిరి పోయాక మూత తీసి పదిహేను నిమిషాలు ఇగరనివ్వండి.

80 మిల్లీలీటర్ల నూనెలో ఉల్లిపాయ ముక్కలు, చిటికెడు ఉప్పు వేసి సన్న సెగ మీద ఎనిమిది నిమిషాలు ఉంచండి. ఎర్రబడకూడదు, మెత్తబడి మెరవాలి. వెల్లుల్లి వేసి అర నిమిషం. బీన్స్ వేసి ఐదారు నిమిషాలు కలుపుతూ ఉంటే ఆకుపచ్చ ముదురుతుంది. ఇప్పుడు 150 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పోసి మూతపెట్టి పది పన్నెండు నిమిషాలు మగ్గించండి. గ్రీకు వంటకాల్లో చాలావాటిలో టమాటా ఇక్కడే వేసెయ్యమని ఉంటుంది. పులుపు తగిలితే కూరగాయ గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ గట్టిపడి మెత్తబడడం ఆలస్యమవుతుంది. అక్కడి లేత చదును బీన్స్‌కి అది చెల్లుతుంది, మన పీచు బీన్స్‌కి చెల్లదు. అందుకే ముందు సగం ఉడకాలి.

తర్వాత టమాటా గుజ్జు, ఉప్పు, దుంప ముక్కలు. నీరు కూరగాయల సగం ఎత్తుకి ఉంటే చాలు. మూత ఓరగా పెట్టి సన్న సెగ మీద ముప్పై నుంచి ముప్పై ఐదు నిమిషాలు. గరిటె పెట్టకండి, రెండు చెవులూ పట్టుకుని గిన్నెని ఊపండి. దుంప చిదిగితే పిండి కలిసి రసం గోధుమజావలా అవుతుంది. చివరి పది నిమిషాలు మూత తీసి, మిగిలిన నూనె చుట్టూ పోయండి.

ఇక్కడ గిన్నె పక్కనే నిలబడాలి. మొదట్లో బుడగలు చిన్నవిగా, గబగబా, నీళ్ళు మరుగుతున్నట్టు వస్తాయి. నీరు తగ్గేకొద్దీ పెద్దవై, ఒక్కోటి బరువుగా లేచి ‘బుడుక్’ మని పగులుతుంది. శబ్దం కూడా మారుతుంది, సలసల ఆగి సన్నగా చిటపట మొదలవుతుంది. అప్పుడు గిన్నెని ఒక పక్కకి వంచండి. మూలకి చేరినదాంట్లో నారింజ రంగు నూనె, చిక్కటి టమాటా తప్ప పల్చటి నీరు కనబడకూడదు. బీన్స్ పచ్చగా నిగనిగలాడితే ఇంకా కాలేదన్నమాట. ఆలివ్ కాయ రంగుకి తిరిగి, ఫోర్కుతో ఎత్తితే రెండు పక్కలా వాలిపోవాలి. కరకర ఉంచడం ఈ వంటలో గొప్ప కాదు. దించాక నలభై నిమిషాలు కదపకుండా వదిలెయ్యండి. పొగలు కక్కుతుండగా తింటే నూనె విడిగా తగులుతుంది, గోరువెచ్చగా అయ్యాక కూరలో కలిసిపోతుంది. మీరు చెప్పిన ‘పచ్చి నూనె వాసన’ సగం దీనివల్లే.

బెండకాయకీ ఇదే పద్ధతి, తేడా కాయలోనే ఉంది. వాళ్ళు ‘బామ్యెస్’ అనే బెండకాయ బొటనవేలంత కూడా ఉండదు, కాయ కాయగా వేస్తారు. తొడిమ చుట్టూ పెన్సిల్ చెక్కినట్టు చెక్కాలి గానీ కాయ లోపల గది తెరుచుకోకూడదు. తెరుచుకుంటే జిగురు దిగుతుంది. చెక్కినవాటిని అరకిలోకి మూడు పెద్ద చెంచాల వెనిగర్, ఒక చెంచా ఉప్పు పట్టించి అరగంట ఎండలో పెట్టి, కడిగి, ఆరబెట్టి వేస్తారు. మన పొడుగు బెండకాయల్ని ముక్కలు చేసి ఈ కూర వండితే జిగురు ముద్దే వస్తుంది.

పప్పులు, గింజలు

ఫసోలాదా అనే తెల్ల గింజల సూపుని గ్రీకులు తమ జాతీయ వంటకంగా చెప్పుకుంటారు. తెల్ల రాజ్మా గింజలు 400 గ్రాములు 12 గంటలు నానబెట్టండి. మీది బోరు నీళ్ళయితే గింజ రెండు గంటలు మరిగినా తొక్క గట్టిగానే ఉంటుంది. నీటిలోని కాల్షియం గింజ గోడల్ని బిగిస్తుంది. నానబెట్టే నీళ్ళలో అర టీస్పూన్ వంటసోడా వేసి, మర్నాడు రెండుసార్లు కడిగి, ఉడకడానికి ఫిల్టరు నీళ్ళు వాడండి. మొదటిసారి పది నిమిషాలు గట్టిగా మరిగించి ఆ నీళ్ళు పారబొయ్యండి. రాజ్మా జాతి గింజల్లో పచ్చిగా ఉంటే కడుపుని అతలాకుతలం చేసే లెక్టిన్ ఉంటుంది, ఆ మరుగుకే అది పోతుంది. స్లో కుక్కర్లో పచ్చి గింజలు నేరుగా వేసి సన్న వేడి మీద వదిలేయడం ప్రమాదం, అక్కడ ఆ వేడి రాదు.

మళ్ళీ రెండు లీటర్ల నీళ్ళు పోసి ఉల్లిపాయ, రెండు క్యారెట్లు, కాడతో సహా గుప్పెడు సెలెరీ ఆకు వేసి గింజ వేళ్ళ మధ్య నలిగేదాకా ఉడికించండి. గంట నుంచి గంటన్నర. టమాటా పేస్టు రెండు చెంచాలు, ఉప్పు అప్పుడే. ముందే వేస్తే బీన్స్ దగ్గర చెప్పిన పులుపు గొడవే మళ్ళీ. నూనె 100 మిల్లీలీటర్లు పోసి, ఈసారి సన్న సెగ కాదు, పావుగంట తెర్లా మరగనివ్వండి. నూనె, గింజల పిండి, నీరు మరుగులో కొట్టుకుని ఒకటై రసం చిక్కబడుతుంది. చిక్కబడకపోతే గరిటెడు గింజలు నలిపి కలపండి.

పొట్టు తీయని మసూరు గింజలతో చేసే ‘ఫకేస్’ ఇంకా తేలిక, నానబెట్టే పని కూడా లేదు. 350 గ్రాములకి ఉల్లిపాయ, మూడు వెల్లుల్లి రెబ్బలు, బిర్యానీ ఆకు, కొంచెం టమాటా, నూనె. నలభై ఐదు నిమిషాలు. వెనిగర్ మాత్రం గిన్నెలో కాదు, కంచంలో ఎవరికి వాళ్ళు చెంచా పోసుకోవాలి. మరిగితే వాసనంతా గాలికి పోతుంది.

‘ఫావా’ పేరు చూసి మోసపోకండి. గ్రీసులో ఆ పేరుతో వడ్డించేది పెద్ద చిక్కుడు గింజ కాదు, పసుపు పప్పు. సాంటోరిని ద్వీపంలో పండేది లాథిరస్ ప్రజాతి, మన కేసరి పప్పుకి దాయాది. మీకది అక్కర్లేదు, పసుపు బఠాణీ పప్పు చాలు. 250 గ్రాములకి 750 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక ఉల్లిపాయ. నురగ తీసేస్తూ నలభై ఐదు నిమిషాలు ఉడికించి మెత్తగా రుబ్బి, 60 మిల్లీలీటర్ల నూనె, నిమ్మరసం కలపాలి. ముద్దపప్పుకి అలవాటుపడ్డ ఇంట్లో దీనికి పేచీ ఉండదు. జారుగా ఉన్నప్పుడే కంచంలో పొయ్యండి, చల్లారితే గడ్డకడుతుంది. పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ.

యెమిస్తా: మెతుకు ఎందుకు పలుకయింది

యెమిస్తా అంటే కూరినవి. పెద్ద టమాటాలు ఆరు, క్యాప్సికం నాలుగు. బియ్యం కాయకి ఒక నిండు పెద్ద చెంచా చొప్పున, అదనంగా ఇంకో చెంచా, మొత్తం 220 గ్రాములు. బాస్మతి వద్దు, విడివిడిగా గట్టిగా ఉండిపోతుంది. సోనా మసూరి సరిపోతుంది. కాయల పైభాగం టోపీలా కోసి పక్కన పెట్టి, టమాటా లోపలి గుజ్జంతా తీసి నలిపి ఉంచుకోండి. రెండు ఉల్లిపాయలు 100 మిల్లీలీటర్ల నూనెలో మగ్గించి, బియ్యం వేసి రెండు నిమిషాలు కలిపి, గుజ్జులో మూడింట రెండు వంతులు పోసి ఐదు నిమిషాలు మాత్రం ఉడికించి దించండి. పుదీనా, పార్స్‌లీ, ఉప్పు, మిరియాలు వేయండి. ఈ దశలో కూరే మిశ్రమం జావలా జారుతూ ఉండాలి. పొడిగా ఉందని సంతోషించారంటే బియ్యానికి తాగడానికి నీరు లేనట్టే. మీది అక్కడే చెడింది.

కాయల్ని ముప్పాతిక వరకే నింపండి, బియ్యం ఉబ్బుతుంది. టోపీలు పెట్టి, మధ్యలో దుంప ముక్కలు ఇరికించి, మిగిలిన గుజ్జు, 60 మిల్లీలీటర్ల నూనె, ఒక గ్లాసు నీళ్ళు ట్రేలో పోసి రేకు కప్పండి. 180 డిగ్రీల ఓవెన్లో గంట. రేకు తీసి మరో నలభై నిమిషాలు, టోపీల అంచులు నల్లబడేదాకా. అరవై నిమిషాలకే రేకు తీసి చూసి అయిందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఓవెన్ లేకపోతే వెడల్పు గిన్నెలో మూతపెట్టి పొయ్యి మీద యాభై నిమిషాలు చేయొచ్చు. అంచులు నల్లబడవు, రుచి కొంత తగ్గుతుంది, అయినా తినదగ్గదే.

సూపు విరగడం

అవ్గోలెమొనో అంటే ‘గుడ్డు-నిమ్మ’. చికెన్ రసంతో చేసేది ప్రసిద్ధం. మాంసం తినని ఇద్దరి కోసం ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ గంటసేపు కాచిన రసంతో చేయండి. ఒకటిన్నర లీటర్ల రసంలో 80 గ్రాముల బియ్యం మెత్తగా ఉడకాలి. ఈ బియ్యం కడుపు నింపడానికే కాదు, దాని గంజి గుడ్డుని విరగకుండా కాస్త కాపాడుతుంది కూడా. మెతుకు మెతుకు విడిపోయేలా వండితే ఆ కాపుదల ఉండదు.

పొయ్యి ఆపి ఐదు నిమిషాలు ఆగండి. రెండు గుడ్లు పెద్ద గిన్నెలో నురగ వచ్చేదాకా గిలకొట్టండి. తెల్లసొన తాళ్ళుగా మిగిలితే సూపులో తెల్లటి పోగులు తేలతాయి. నిమ్మరసం 50 మిల్లీలీటర్లు సన్నధారగా కలపండి. గ్రీకు వంటకంలో ‘రెండు నిమ్మకాయలు’ అంటే పెద్ద పసుపు లెమన్లు. మన చిన్న నిమ్మకాయకి పులుపు, ఘాటు ఎక్కువ, అందుకే కాయల లెక్క కాకుండా కొలిచి పొయ్యండి. ఇప్పుడు ఒక చేత్తో గిలకొడుతూ, రెండో చేత్తో వేడి రసం మొదటి గరిటె చుక్కలు చుక్కలుగా, రెండోది సన్నధారగా, మూడోది కాస్త ధారాళంగా. గుడ్ల గిన్నె అడుగు అరచేతికి బాగా వెచ్చగా తగిలాక దాన్నంతా సూపులో పోసి గిన్నెని గుండ్రంగా ఊపండి. మళ్ళీ మరగనివ్వకూడదు. తిరిగి వేడి చేసేటప్పుడు కూడా ఆవిరి లేవగానే దించాలి, బుడగ వచ్చిందంటే విరిగిందన్నమాటే. ఇప్పటికే విరిగినదాన్ని బియ్యంతో సహా బ్లెండర్లో తిప్పితే నునుపు కొంత తిరిగొస్తుంది. మొదటి రుచి రాదు గానీ పారబొయ్యక్కర్లేదు.

ఆకుకూర, పెరుగు, ఫెటా

‘హోర్తా’ అంటే ఉడికించిన ఆకుకూర. వేసవిలో వాళ్ళు తినే ‘వ్లీతా’ మన తోటకూర జాతే, ‘గ్లిస్త్రీదా’ మన గంగపాయల కూర. దీనికోసం సూపర్ మార్కెట్లో వంద గ్రాములకి వందలు పోసి విదేశీ ఆకులు కొనడం నవ్వొచ్చే పని. లేత తోటకూర కాడలతో సహా, బాగా మరిగే ఉప్పునీళ్ళలో మూత పెట్టకుండా ఆరేడు నిమిషాలు ఉడికించి వడకట్టి, వెచ్చగా ఉండగానే రెండు చెంచాల నూనె, అర చెక్క నిమ్మరసం. పోపు లేదు. గంగపాయల కూర అయితే ఉడికించకుండా పచ్చిదే టమాటా, కీరాతో కలిపి తింటారు.

జాజీకి అనే కీరా పెరుగు పచ్చడికి పెరుగు గట్టిగా ఉండాలి. లీటరు తియ్యటి తాజా పెరుగు గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లోనే ఐదారు గంటలు వేలాడదీస్తే సుమారు అరకిలో వస్తుంది. మన ఎండల్లో రాత్రంతా బయట కడితే పుల్లబడి పనికిరాదు. కీరా కోరి, అర టీస్పూన్ ఉప్పు కలిపి ఇరవై నిమిషాల తర్వాత గట్టిగా, ఇంకా గట్టిగా పిండండి. పిండకపోతే గంటలో మజ్జిగవుతుంది. వెల్లుల్లి ఒక రెబ్బ నూరి వేయండి, సోయకూర, వెనిగర్ ఒక చెంచా, నూనె రెండు చెంచాలు.

ఫెటా అనే పేరు 2002 నుంచి ఐరోపా సంఘంలో గ్రీసుకే దక్కింది. కనీసం 70 శాతం గొర్రె పాలు, మిగతాది మేక పాలు, రెండు నెలల మాగుడు. ఆవు పాలతో చేసి ‘ఫెటా స్టైల్’ అని అమ్మేది వేరు. అయినా పక్కన నంజుకోవడానికి పర్వాలేదు. పనీర్ దానికి బదులు కాదు, ఉప్పూ పులుపూ రెండూ లేవు. బీపీ ఉన్నవాళ్ళకి మనిషికి 30 గ్రాములు మించకుండా, నీళ్ళలో పది నిమిషాలు ఉంచి పెట్టండి. అది వేసిన రోజు కూరలో ఉప్పు తగ్గించాలి.

వారం ఎలా అమర్చుకోవాలంటే, అక్కడి పాత అలవాటు చూడండి: రెండు రోజులు గింజలు, రెండు మూడు రోజులు లాదెరా, ఒకరోజు చేప, ఆదివారం మాంసం. దీని వెనక ఆర్థొడాక్స్ ఉపవాసాలున్నాయి. ఏడాదిలో ఎక్కువ భాగం బుధ, శుక్రవారాలు, ఈస్టర్‌కి ముందు దీర్ఘకాలం, ఆగస్టు మొదటి రెండు వారాలు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందుకే ఆ వంటల్లో సగం పుట్టుకతోనే శాకాహారం, మీ ఇంటికి విడిగా మార్చాల్సిన పని లేదు. మాంసం తినే ఇద్దరికీ చేపల రోజున ఖరీదైనవి వద్దు. కవళ్ళు శుభ్రం చేసి ట్రేలో ఒకే వరసగా పేర్చి, నూనె, నిమ్మరసం, ఒరెగానో చల్లి 200 డిగ్రీల్లో ఇరవై నిమిషాలు, అంతే. ఎండు ఒరెగానోని చేతుల మధ్య నలిపి వేయండి. పిజ్జాతో వచ్చే పొట్లాల్లోది నలిపినా వాసన రాదు.

చివరగా నిల్వ. గ్రీకు ఇళ్ళలో లాదెరా, యెమిస్తా ట్రేలు వంటింటి గట్టు మీదే సాయంత్రం దాకా ఉంటాయి. మన ఏప్రిల్, మే నెలల్లో అలా ఉంచకండి, బియ్యం ఉన్నవైతే మరీను. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. లాదెరా మూడు రోజులుంటాయి, యెమిస్తా రెండు రోజుల్లో తినెయ్యండి. చల్లగా ఉంటే ఆలివ్ నూనె తెల్లగా గడ్డకడుతుంది, చెడిపోయిందని పారబొయ్యకండి. లాదెరాని తినడానికి అరగంట ముందు బయట పెడితే కరిగిపోతుంది. యెమిస్తాని మాత్రం బియ్యం ఉంది కాబట్టి పూర్తిగా వేడి చేసి, గోరువెచ్చబడ్డాక వడ్డించండి.